కీబోర్డు కొనవలెనా, కంప్యూటరు కొనవలెనా?



క్రిందటి నెలలో ఒక పల్లె సంఘపు పెద్దల దగ్గర నుండి మాకొక ఉత్తరము వచ్చింది. కోత పండుగ కానుకలలో ముప్పై వేల రూపాయలు వాద్యము కొరకు ప్రక్కన పెట్టారట. పెద్దలు కీబోర్డు కొందామంటున్నారు. యౌవనస్థులు, ల్యాప్‌టాప్ కొంటే వెయ్యి వాద్యములు దానిలోనే వస్తాయంటున్నారు. రెండు ఆదివారములుగా ఇదే తగవు. ఆరాధన అయిన తరువాత ఎవరి గుంపు వారిదేనట. "అయ్యగారూ, మీరు పట్టణములో ఉన్నారు గనుక ఒక మాట చెప్పండి" అని వ్రాశారు.

ఈ ఉత్తరమునకు వెంటనే జవాబు వ్రాయలేకపోయాము. ఎందుకనగా ఇదే తగవు మా సంఘములోనూ జరిగింది. అందులో తప్పు చేసినది పెద్దలు కాదు, యౌవనస్థులు కాదు, మేమే. ఆ సంగతి దాచిపెట్టి సలహా మాత్రము చెప్పుట న్యాయము కాదు. గనుక ముందు అది చెప్పి, తరువాత వాద్యముల సంగతికి వస్తాము.

మా మందిరము పాతబస్తీలో ఉన్నది. చార్మినారు నుండి నడిచి రాగలిగినంత దూరము. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనుకకు పోవలసిన గల్లీ. రేకుల కప్పు క్రింద నూరు మంది ఒత్తుకొని కూర్చొనే గది. ప్రక్క వీధిలో పెండ్లి ఊరేగింపు బయలుదేరిందంటే మర్ఫా మ్రోత మా ప్రసంగము నడుమకు వచ్చి కూర్చుంటుంది. అజాన్ వినబడే వేళ మేము మైకు తగ్గిస్తాము. మా పండుగనాడు పొరుగువారు గల్లీలో తమ బండ్లు తీసి దారి ఇస్తారు. ఏండ్ల తరబడి ఇలాగే నడుస్తున్నది. మాకున్న వాద్యములు రెండే: ఒక పాత హార్మోనియము, ఒక డోలక్.

మూడేండ్ల క్రిందట మా యౌవనస్థులలో ఒకడు తన జీతములో నుండి దాచుకొన్న డబ్బుతో ఒక ల్యాప్‌టాపును, దానికి తగిలించే మెట్ల పలకను తెచ్చాడు. ఆ పలకకు తనంతట తనకు శబ్దము లేదు. మెట్టు నొక్కితే ల్యాప్‌టాపులోని వాద్యము పలుకుతుంది. పియానో, వేణువు, వయొలిన్ల గుంపు, ఏది కావాలంటే అది. శబ్దము ఎంతో ఇంపుగా ఉన్నది. అందరమూ సంతోషించాము.

ఆ సంవత్సరము శుభ శుక్రవారము వచ్చింది. ఏడు మాటల ధ్యానము. ఏప్రిల్ మధ్యాహ్నము, పైన రేకులు. నాలుగవ మాట ముగిసి కీర్తన మొదలైంది. రెండవ చరణములో వాద్యము చిటపటలాడింది, తరువాత ఒక్కసారిగా మూగబోయింది. పిల్లవాడు చెమటలు కారుస్తూ మిషనును ఆపి మరల వేశాడు. ఎంతకూ తెర వెలగలేదు. అప్పుడు ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ, కండ్లు తెరవకుండానే, ఆగిన చోటి నుండి చరణము ఎత్తుకొన్నది. డోలక్ అందుకొన్నది. సంఘమంతా పాడింది.

అక్కడితో ఆగవలసినది. కాని మేము ఆరాధన చివర ప్రసంగ పీఠము మీద నుండి, "యంత్రములను నమ్ముకొంటే ఇంతే" అన్నాము. కొందరు నవ్వారు. పిల్లవాడు తల వంచుకొని తీగలు చుట్టుకొని వెళ్లిపోయాడు. రెండు రోజులకు వచ్చిన పునరుత్థాన పండుగకు రాలేదు. ఆ తరువాత మూడు ఆదివారములు కూడ రాలేదు.

మేమే వెదుకుకొంటూ ఛత్తా బజారుకు పోయాము. పెండ్లి పత్రికలు అచ్చువేసే దుకాణములు వరుసగా ఉన్న వీధి అది. మా పిల్లవాడు అందులో ఒక దుకాణములో కంప్యూటరు మీద అక్షరములు కూర్చే పని చేస్తాడు. ఒకప్పుడు ఉర్దూ పత్రికలను కాతిబులు కలముతో వ్రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చిన తరువాత ఆ పని చాలవరకు కంప్యూటరు మీదికి పోయింది. మమ్మును చూచి లేచి నిలబడ్డాడు. చాయ్ తెప్పించాడు. కొంచెము సేపటికి నోరు విప్పాడు.

"అయ్యగారూ, మా సేటు వాళ్ల నాయిన కలంతోటి రాసెటోడు. ఇప్పుడు సేటు కంప్యూటర్ మీద చేపిస్తుండు. రాత తెల్వనోడు కంప్యూటర్ ముందట కూసున్నా అక్షరం వంకరనే వస్తది. నేను తెల్వక చెడగొట్టలే. ఆ పొద్దు పొద్దుగాల మీరే పాటల అక్షరాలు గూడ దాంట్లకెల్లే గోడ మీద చూపియ్యమన్నరు. ఒక్క మిషన్‌కు రెండు పనులు చెప్పినం. ఎండకు అది కాగింది. మీకు కాదని చెప్పలేకపోయిన."

ప్రియులారా, ఆ మాట నిజమే. ఆ ఉదయము మేమే అడిగాము. అడిగిన సంగతి మరచిపోయి నూరు మంది ఎదుట వానిని చిన్నబుచ్చాము. పీఠము మీద అన్న మాటను చాటున వెనుకకు తీసికొంటే చాలదు. గనుక మరుసటి ఆదివారము అదే పీఠము మీద నిలిచి, తప్పు మాదని చెప్పాము. వాడు వెనుక వరుసలో కూర్చొని విన్నాడు.

ఆ తరువాత మూడు సాయంత్రములు వాని దగ్గర విద్యార్థిగా కూర్చున్నాము. మేము తెలిసికొన్నది, దాని తరువాత అనుభవము వలన నేర్చుకొన్నది ఇప్పుడు చెబుతాము.

మొదట పెద్దలకు ఒక మాట. కంప్యూటరు వాద్యము పరదేశపు యంత్రము, హార్మోనియము మాత్రము మనది అని కొందరంటారు. హార్మోనియము కూడ 1840ల ఆరంభములో పారిస్ పట్టణములో పుట్టినదే. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దానిని నేల మీద కూర్చొని ఒక చేత తిత్తి ఊదుతూ వాయించే విధముగా మార్చారు. అప్పుడది మన ఇండ్లలోనికి వచ్చింది. అయినను మన రాగముల గమకములు దాని మెట్ల మీద పలకవని 1940లో ఆకాశవాణి దానిని నిషేధించింది. ఆ నిషేధము 1971 వరకు నడిచింది. అమెరికాలో 1935లో వచ్చిన హామండ్ విద్యుత్ ఆర్గను, పెద్ద గొట్టముల ఆర్గను కొనలేని సంఘములకు ఉపయోగపడింది. కాబట్టి కొత్తది అన్నంత మాత్రాన తప్పు పట్టవద్దు. యౌవనస్థులకు కూడ ఒక మాట: కొత్తది అన్నంత మాత్రాన మేలని అనుకోవద్దు.

ఇక రెండింటి భేదము. నిజమునకు నేటి కీబోర్డు లోపల ఉన్నదీ చిన్న కంప్యూటరే. అయితే దానికి ఒకటే పని: మెట్టు నొక్కితే పలుకుట. ల్యాప్‌టాపు నూరు పనుల మనిషి. పలుకుట ఆ నూరింటిలో ఒకటి. ఈ రెండింటికి వంతెన వేసినది 1983లో వచ్చిన మిడి అనే ఏర్పాటు. ఆ సంవత్సరము జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యముల ప్రదర్శనలో వేర్వేరు సంస్థలు చేసిన రెండు కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదాని మెట్టు నొక్కితే రెండవది పలుకునట్లు చూపించారు. ఆ తీగలో పోయేది శబ్దము కాదు, కబురు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే. 1996లో స్టైన్‌బర్గ్ అనే జర్మనీ సంస్థ వి.ఎస్.టి. అనే పద్ధతి తెచ్చింది. ఆ తరువాత కొన్ని ఏండ్లకు కంప్యూటరులోనే వాద్యములను అమర్చుట సులభమైంది. కబురు అందుకొని పలికే వాద్యము ఇప్పుడు పెట్టెలో ఉండవచ్చును, కంప్యూటరులోనూ ఉండవచ్చును.

అయితే మన ఆరాధనకు ఏది తగును? ఐదు విషయములు చూడవలెను.

మొదటిది శ్రుతి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కీర్తనల పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) కాలము నుండి మనకు వచ్చిన ఆస్తి అది. ఏ యంత్రములో వెయ్యి శబ్దములున్నా, మా ముసలమ్మల గొంతుకు అందని శ్రుతిలో మొదలుపెడితే సంఘము నోరు మూసికొంటుంది. కీబోర్డులో శ్రుతి మార్చే మీట ఉంటుంది. రెండు నొక్కులతో పని అయిపోతుంది. స్వరమును వంచే చక్రము ఉంటే గమకము కొంతవరకు చూపవచ్చును. మన దేశము కొరకే చేసిన కీబోర్డులు కూడ ఉన్నవి. యమహా పి.ఎస్.ఆర్. ఐ-500 అటువంటిది. మన దేశపు వాద్యముల శబ్దములు, తాళములు దానిలో ఉన్నవి. కంప్యూటరులో ఇంతకంటె సూక్ష్మముగా, ఒక్కొక్క స్వరమునే సవరించుకొనవచ్చును. అది నేర్చినవానికి మేలే. అయితే ఏది కొన్నను, అందులో తనంతట తాను వాయించే తాళమును ఆరాధనలో వేయకండి. మనుష్యులు ఊపిరి తీసికొనేదాకా అది ఆగదు. డోలక్ వాయించేవాడు ఆగుతాడు.

రెండవది ఆలస్యము. మెట్టు నొక్కిన తరువాత శబ్దము బయటికి రావడానికి కంప్యూటరు కొంచెము సమయము తీసికొంటుంది. గాలిలో శబ్దము సెకనులో వెయ్యవ వంతు కాలములో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కంప్యూటరు పది వెయ్యవ వంతులు ఆలస్యము చేస్తే, మీ వాద్యము మీకు మూడు మీటర్లకు పైగా దూరాన ఉన్నట్లే. కంప్యూటరు సెకనుకు 48,000 మచ్చులతో పనిచేస్తూ 512 మచ్చులను ఒక విడతగా తయారు చేస్తే, ఆ ఒక్క విడతకే దాదాపు పదకొండు వెయ్యవ వంతులు పడుతుంది. 128కి తగ్గిస్తే మూడు వెయ్యవ వంతుల లోపే. అయితే అంత తొందర పెట్టితే బలములేని కంప్యూటరుకు ఊపిరాడదు, చిటపటలాడుతుంది. శుభ శుక్రవారమునాడు మేము విన్న చిటపట అదే. దీనికి శబ్దము కొరకైన ప్రత్యేకపు పెట్టె ఒకటి, దానికి సరియైన డ్రైవరు కావలెను. అది మరియొక ఖర్చు. కీబోర్డు కొన్నవారికి ఈ చింత ఉండదు.

మూడవది కరెంటు, ఎండ. కరెంటు పోతే ల్యాప్‌టాపు బ్యాటరీ మీద బ్రదుకుతుంది, నిజమే. కాని స్పీకరు చచ్చిపోతుంది గదా! ఆరు సెల్లుల మీద నడిచే, తన స్పీకరు తనలోనే ఉన్న కీబోర్డు అప్పుడు కూడ పలుకుతుంది. పల్లెటూరి ఇంటి కూటములకు, చెట్టు క్రింది ప్రార్థనలకు ఇదే తగినది.

నాలుగవది మనుష్యులు. దీనిని ఎవరూ లెక్కలో వేయరు. వాయించేవానికి జ్వరము వస్తే ఆ వాద్యమును తెరవగలిగినవారు మరియొకరు ఉన్నారా? మేము ఇప్పుడు శనివారపు సాధనలో ఒక పరీక్ష పెడుతున్నాము. పాట నడుమ మెయిన్ ఆపి, మరల వేస్తాము. కీబోర్డు పది లెక్కపెట్టేలోగా పలికింది. ల్యాప్‌టాపు అన్నీ సర్దుకొని పలకడానికి మా పిల్లవాని చేతిలోనే నాలుగు నిమిషములు పట్టింది. వేరొకరు కూర్చుంటే అసలే తెరవలేకపోయారు. ఆ నాలుగు నిమిషములలో ఎవరు పాట ఎత్తుకొంటారో కూడ ఆ పరీక్షలోనే తెలుస్తుంది.

ఐదవది న్యాయము. ల్యాప్‌టాపు కొంటే వెయ్యి వాద్యములు ఉచితమని చెప్పేవారిని ఒక ప్రశ్న అడగండి: అవి కొన్నవా, దొంగ కాపీలా? ఒకరి కష్టమును దొంగిలించి, దానితో దేవుని స్తుతించుట మనకు తగునా? తయారుచేసినవారే ఉచితముగా ఇచ్చే వాద్యములు ఉన్నవి. తక్కువ వెలకు దొరికేవి ఉన్నవి. అవి చాలు. వాని ఖర్చు కూడ మొదటి లెక్కలోనే వేసికొనండి.

ఇంత విన్న తరువాత మేము కంప్యూటరును బయట పెట్టామని మీరు అనుకోవచ్చును. పెట్టలేదు. ఇప్పటి కీబోర్డులలో చాలవాటికి వెనుక యు.ఎస్.బి. రంధ్రము ఉంటుంది. మేము అటువంటిది ఒకటి కొన్నాము. అదే కీబోర్డు మెట్లతో పిల్లవాడు ల్యాప్‌టాపు వాద్యమును పలికిస్తాడు. కీబోర్డు సొంత శబ్దమును మిక్సరులో వేరొక దారిలో పెట్టి, తగ్గించి ఉంచుతాడు. ల్యాప్‌టాపు ఆగితే ఆ దారిని పైకి లేపుతాడు. సంఘమునకు తేడా కూడ తెలియదు. ల్యాప్‌టాపులో ఆ సమయమున ఇంటర్నెట్ ఉండదు, వేరే పని ఉండదు, చార్జరు తగిలించే ఉంటుంది. పాటల అక్షరములు మరల పుస్తకములలోనికే పోయాయి.

కావున ఉత్తరము వ్రాసిన సంఘమునకు మా మాట ఇది. మీ ముప్పై వేలలో మంచి ల్యాప్‌టాపు, శబ్దపు పెట్టె, మెట్ల పలక, న్యాయమైన సాఫ్ట్‌వేరు, అన్నీ రావు. ఒకటి కొని మిగిలినవాటి కొరకు అప్పు చేయవద్దు. ముందు కీబోర్డు కొనండి. 61 మెట్లు, నొక్కుడును బట్టి శబ్దము హెచ్చుతగ్గులయ్యే గుణము, సెల్లుల మీద నడిచే వీలు, యు.ఎస్.బి. రంధ్రము, ఈ నాలుగూ అడిగి చూడండి. కొనడానికి పోయేటప్పుడు వాయించే పిల్లవానితో పాటు మీలో పెద్ద వయస్సు గల పాటగత్తెను కూడ తీసికొనిపోండి. ఆమె శ్రుతికి పెట్టి, ఆమెను పాడమని, అప్పుడు కొనండి. డబ్బంతా వాద్యము మీదనే పెట్టకండి. స్టాండుకు, మరియొక అడాప్టరుకు, ఇద్దరు పిల్లలు నేర్చుకొనుటకు కొంత మిగల్చండి. అందులో ఒకరు ఆడపిల్ల అయితే మరీ మంచిది. ఇదివరకు ఆ అవకాశము వారికి తక్కువగా ఇచ్చాము.

యౌవనస్థులను ఓడించామని మాత్రము అనుకోకండి. రేపు వారిలో ఎవరికైనా ల్యాప్‌టాపు సమకూడితే ఆ కీబోర్డు వెనుక రంధ్రము వారి కొరకు తెరచియే ఉంటుంది. ఈలోగా కంప్యూటరు తెలిసినవారితో స్త్రీల కూటమునకు, సండేస్కూలుకు సాధన పాటలు రికార్డు చేయించండి. వారి జ్ఞానము సంఘములో పనికి వచ్చునని వారికి తెలియనివ్వండి. వాద్యము ఆగితే మరల కొనుక్కొనవచ్చును. తల వంచుకొని వెళ్లిపోయిన పిల్లవాడు ప్రతిసారి తిరిగి రాడు. మావాడు వచ్చాడు, అది దేవుని కృప.

చివరగా ఒక సంగతి. ఆనాడు చరణము ఎత్తుకొన్న ముసలమ్మ క్రిందటి చలికాలములో ప్రభువునందు నిద్రించినది. సమాధుల తోటలో ప్లగ్గు లేదు. కీబోర్డు సెల్లులు చూడాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఏమి చేయుదుమని మేము చూస్తుండగా ఆ పిల్లవాడు ఆటోలో నుండి మా పాత హార్మోనియము దించాడు. తిత్తి చినిగి మూలపడిన దానిని ఎప్పుడో తన ఖర్చుతో బాగు చేయించి ఉంచాడట, మాకు తెలియదు. మట్టి మీద గోనెసంచి పరచి కూర్చొని, ఆమె ఎప్పుడూ పాడే శ్రుతిలోనే మెట్టు నొక్కాడు. మేము పుస్తకము తెరవలేదు. ఆ కీర్తన అందరికీ నోటికి వచ్చినదే.

మీ సంఘములో ఈ విషయమై మీరు నేర్చుకొన్నది ఏమైనా ఉంటే మాకు వ్రాయండి. వచ్చే నెల మరల కలుసుకొందాము. ప్రభువు మీ ఇండ్లను, మీ పాటలను దీవించును గాక.